గోళీ మింగనోళ్ల పేగుల్లోనూ మందుకు లొంగని బ్యాక్టీరియా

హన్మకొండలోనో కాజీపేటలోనో ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనైనా సాయంత్రం పూట చేతికిచ్చే యూరిన్ కల్చర్ రిపోర్టు ఒకటి తీసి చూస్తే, పైన ‘ఈ కోలై’ అని ఒక బ్యాక్టీరియా పేరు ఉంటుంది. దాని కింద పట్టిక. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ‘ఎస్’ లేదా ‘ఆర్’. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు. అమాక్సిసిలిన్ ఆర్, సెఫిక్సిమ్ ఆర్, సెఫ్ట్రియాక్సోన్ ఆర్, సిప్రోఫ్లోక్సాసిన్ ఆర్. అడుగున ‘ఈఎస్‌బీఎల్’ అని ఒక మాట. ఆ కాగితం పట్టుకున్నది నాట్లకూ పత్తి ఏరడానికీ పోయే నడివయసు ఆడమనిషి కావచ్చు. పెద్ద దవాఖానలో ఒక రాత్రి పడుకున్నది లేదు, ఏడాదిగా జ్వరం గోళీ తప్ప ఇంకోటి మింగింది లేదు. “మందులే వాడకపోతిమి, మందులు పనిచేయకపోవుడేంది?” అని ఆమె అడిగితే అది అక్షరాలా సరైన ప్రశ్న. మందులు ఎక్కువ వాడితేనే ఈ గతి పడుతుందని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చిన ప్రచారం దగ్గర దానికి జవాబు లేదు.

జవాబు పేగులో ఉంది. మూత్రంలో మంట పెట్టే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణం ఈ కోలై. అది ఎక్కడి నుంచో ఎగిరొచ్చేది కాదు, సొంత పేగులో ఏళ్ల తరబడి ఉంటున్నదే నాలుగు వేళ్ల దూరం జరిగి మూత్రకోశంలోకి చేరుతుంది. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే పేగులో కాపురం పెట్టే బ్యాక్టీరియా ఇది. పెద్దయ్యాక అక్కడి మొత్తం బ్యాక్టీరియాలో దాని వాటా మామూలుగా నూటికి ఒకటి కూడా ఉండదు. అద్దె కట్టకపోయినా గొడవ చేయని కిరాయిదారు లాంటిది. వాటిలో కొన్నిటికి మందులను తట్టుకునే శక్తి ఉన్నా లేకున్నా పేగుకు తేడా తెలియదు. విరేచనం కాదు, నొప్పి రాదు, జ్వరం రాదు. ఇలా రోగం లేకుండానే మొండి బ్యాక్టీరియాను మోస్తున్నవాళ్లను వైద్యులు వాహకులంటారు.

అలాంటివాళ్లు ఎంతమంది? చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ పరిశోధకులు ఉత్తర భారతంలోని ఒక చిన్న పట్టణ ప్రాంతంలో 207 మంది ఆరోగ్యవంతుల మలం పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 70 మంది పేగుల్లోని బ్యాక్టీరియా ఏదో ఒక మందుకు లొంగలేదు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ జాతి మందులకు లొంగనివే 60 శాతం. వీళ్లెవరూ రోగులు కారు, ఆస్పత్రి వరండాలో పట్టుకొచ్చినవాళ్లు కారు.

ఈఎస్‌బీఎల్ అంటే ఒక రకం ఎంజైమ్. కత్తెర అనుకోవచ్చు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులన్నిటి నిర్మాణంలోనూ నాలుగు మూలల చిన్న వలయం ఒకటి ఉంటుంది. ఈ ఎంజైమ్ దాన్ని తెంపేస్తుంది. వలయం తెగాక ఒంట్లోకి ఎక్కించింది మందు కాదు, ఉత్త నీళ్లే. ఈ కత్తెరను తయారుచేసే జన్యువు చాలాసార్లు బ్యాక్టీరియా అసలు జన్యుపదార్థంలో కాకుండా, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో ఉండటమే అసలు చిక్కు. ఒక బ్యాక్టీరియా ఆ ఉంగరానికి నకలు తీసి పక్కదానికి చేతిలో పెట్టినట్టు ఇచ్చేయగలదు. పక్కది తన జాతిదే కానక్కర్లేదు. జపాన్ పరిశోధకులు దీన్ని 1950ల చివర్లోనే, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా దగ్గర కనిపెట్టారు. ఒకే ఉంగరం మీద నాలుగైదు రకాల మందులను తట్టుకునే జన్యువులు వరసగా కూర్చుని ఉంటాయి కాబట్టి, వాటిలో ఏ ఒక్క మందు వాడినా మిగతా జన్యువులు కూడా బతికి బట్టకడతాయి. సిప్రోఫ్లోక్సాసిన్ వేసుకున్న మనిషిలో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని బ్యాక్టీరియా పెరగడంలో వింతేమీ లేదు.

ఈ కత్తెరల్లో నేడు ప్రపంచమంతా పాకినది సీటీఎక్స్-ఎం-15 అనే రకం. దాన్ని మొదట గుర్తించింది 1999లో ఢిల్లీలో సేకరించిన బ్యాక్టీరియాలో. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు) సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. ఆ టైఫాయిడ్ బ్యాక్టీరియాలో ఇదే జన్యువున్న ప్లాస్మిడ్ దొరికింది. అచ్చం అలాంటిది అంతకుముందే ఈ కోలైలో కనిపించి ఉంది. అంటే ఏ హానీ చేయని పేగు బ్యాక్టీరియా దాచిపెట్టిన ఆయుధం, ప్రాణం తీసే బ్యాక్టీరియా చేతికి చేరిందన్నమాట. పేగు ఒక గోదాం. అందులో సరుకు ఎవరికి అమ్ముడుపోతుందో గోదాం యజమానికి తెలియదు.

ఇప్పుడు ఆ ఆడమనిషి అడిగిన మొదటి ప్రశ్నకు. నెదర్లాండ్స్ నుంచి విదేశాలకు వెళ్లొచ్చిన 2001 మందిని వెంబడించి చేసిన పరిశోధన ఒకటి 2017లో అచ్చయింది. వెళ్లేముందు పేగులో ఈఎస్‌బీఎల్ లేనివాళ్లలో మూడోవంతు మందికి తిరిగొచ్చేసరికి అది ఉంది. దక్షిణాసియాకు వచ్చిపోయినవాళ్లలోనైతే నూటికి 75 మందికి! వాళ్లు వచ్చింది కొద్ది రోజుల ప్రయాణానికి. ఇక్కడి నీళ్లు తాగారు, ఇక్కడి తిండి తిన్నారు, అంతే. విరేచనాలు పట్టుకుని యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా పెరుగుతుందని ఫిన్లాండ్ ప్రయాణికుల మీద జరిగిన మరో పరిశోధన తేల్చింది. అందులో రెండూ లేనివాళ్లకు 11 శాతం, రెండూ ఉన్నవాళ్లకు 37 శాతం. కానీ గోళీ ముట్టనివాళ్లకు కూడా అంటుకున్నదన్నది గమనించాలి. నెదర్లాండ్స్ లెక్కలోనే ఇంకో ముక్క ఉంది. ఇంటికి చేరాక సగం మందిలో నెల రోజుల్లో ఆ బ్యాక్టీరియా పోయింది. ఏడాది తర్వాత కూడా మిగిలింది నూటికి 11 మందిలోనే.

వాళ్లకు నెలలో పోయేది, ఇక్కడివాళ్లకు ఎందుకు పోదు? ఇక్కడా పోతూనే ఉంటుంది, కానీ పోయినంత వేగంగా మళ్లీ చేరుతుంది. ఓటి కుండలోంచి నీళ్లు కారుతున్నా, పైనుంచి నల్లా తిప్పి ఉంటే కుండ నిండుగానే కనిపిస్తుంది.

తలసరి లెక్కలు చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. 2010లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ యాంటీబయాటిక్‌లు మింగిన దేశం భారతే, అయితే అది జనాభా వల్ల. మనిషికి ఇన్ని అని పంచితే భారత్‌కు 10.7 యూనిట్లు, అమెరికాకు 22 (ఒక యూనిట్ అంటే ఒక గోళీయో ఒక సూది మందో). సగం కూడా లేదు. అయినా మొండి బ్యాక్టీరియాను మోసే ఆరోగ్యవంతులు ఇక్కడే ఎక్కువ. 2018లో వెలువడిన ఒక బహుళదేశాల విశ్లేషణ మందుల వాడకం కంటే మురుగు వ్యవస్థ, తాగునీరు, పాలన తీరు ఈ సమస్యతో గట్టిగా ముడిపడి ఉన్నాయని చెప్పింది. మరుసటి ఏడాది 60 దేశాల మురుగునీటిలో జన్యువులను వెతికినవాళ్లూ అదే దారిలోకి వచ్చారు. మందుల దుకాణం పాత్ర లేదని కాదు. మొండి జన్యువును పుట్టించి పెంచేది మందు, ఇంటింటికీ మోసుకెళ్లేది మోరీ. మన దగ్గర చర్చంతా మొదటిదాని మీదే ఆగిపోతోంది.

మందు సంగతి మొదట. ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో జ్వరం వస్తే ముందు తలుపు తట్టేది ఆర్‌ఎంపీదే. ఒక సూది, ఒక పొట్లం. పొట్లంలో తెల్ల జ్వరం గోళీ, గ్యాస్ గోళీ, బలానికి ఎర్ర గోళీ, వీటితో పాటు రెండు రంగుల గొట్టం మందు. పేరుండదు, మూడు రోజులకు కట్టి ఇస్తారు. రాత్రీ పగలూ అందుబాటులో ఉండి, అప్పు పెట్టి వైద్యం చేసే మనిషిని ఒక్కమాటలో దొంగ డాక్టరు అనేయడం తేలిక. ఆయన లేని ఊళ్లో రాత్రి పదింటికి ఎవరున్నారన్నది కష్టమైన ప్రశ్న. వానాకాలంలో ఇంకో తంతు. రక్తం తీసి వైడాల్ పరీక్ష చేస్తారు. “టైఫాయిడ్ లైట్‌గా ఉంది” అంటారు. వైడాల్ చూసేది ఒంట్లోని ప్రతిరక్షకాలను. అవి పాత జ్వరం వల్లో, టీకా వల్లో, అసలు వేరే జబ్బు వల్లో కూడా కనిపించవచ్చు. టైఫాయిడ్ ఉండటమో లేకపోవడమో తప్ప ‘లైట్‌గా’ ఉండదు. నమ్మకంగా తేల్చేది బ్లడ్ కల్చర్, అదీ మందు మొదలుపెట్టకముందు తీస్తేనే మేలు. కానీ ఆ ‘లైట్’ మాట మీద సెలైన్ సీసా వేలాడుతుంది, రోజుకు రెండుసార్లు సెఫ్ట్రియాక్సోన్ అయిదు రోజులో ఏడు రోజులో ఎక్కుతుంది.

సూది మందు పేగు జోలికి పోదని చాలామంది నమ్మకం. సెఫ్ట్రియాక్సోన్‌లో కొంత భాగం పిత్తరసంతో కలిసి పనిచేసే స్థితిలోనే పేగులోకి దిగుతుంది. అక్కడి మంచి బ్యాక్టీరియా ఊడ్చుకుపోతే, కత్తెర ఉన్న ఈ కోలైకి ఊరంతా ఖాళీ. నూటికి ఒకటి వాటా లేనిది ఒక్కసారిగా విజృంభిస్తుంది. అలా పెరిగిన మనిషి మలంలోంచి వెళ్లేవి కూడా అన్ని రెట్లు ఎక్కువ. గోళీ మింగినాయనకూ, మింగని పక్కింటామెకూ లంకె ఇక్కడే పడుతుంది.

‘కోర్సు పూర్తిగా వాడాలి’ అనే సూత్రం మీద కూడా ఒక మాట. టీబీకి, టైఫాయిడ్‌కు అది శిలాశాసనమే. కానీ అన్ని ఇన్ఫెక్షన్లకూ రోజులు పెంచితే మంచిదనే నమ్మకానికి ఆధారాలు తక్కువని 2017లో బ్రిటిష్ వైద్యపత్రికలో నిపుణులు వాదించారు. మందు ఎన్ని రోజులు నడిస్తే, జబ్బుతో సంబంధం లేని పేగు బ్యాక్టీరియా అన్ని రోజులు దాని దెబ్బ తింటుంది. రోగి తనంతట తాను ఆపేయడం కాదు, డాక్టరు అవసరమైనన్ని రోజులే రాయడం ఇక్కడి విషయం.

చట్టం వైపు చూస్తే, 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్‌1 అమల్లో ఉంది. మూడో, నాలుగో తరం సెఫలోస్పోరిన్లను చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, మందు పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. మందుల దుకాణం ముందు పావుగంట నిల్చుంటే దాని అమలు ఎలా ఉందో ఎవరికి వారే చూడవచ్చు.

ఇక మోరీ. 2011 లెక్కల ప్రకారం వరంగల్ నగర జనాభా 8 లక్షల పైచిలుకు. నగరమంతటినీ కలిపే భూగర్భ డ్రైనేజీ లేదు, ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే దిక్కు. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. స్థలం చాలని గల్లీల్లో ఆ గొట్టం తిన్నగా ఇంటిముందు మోరీలోకి తెరుచుకుంటుంది. ట్యాంకులో కొంత బురద అడుక్కు దిగుతుందే తప్ప బ్యాక్టీరియా చావదు. మోరీ నాలాలో కలుస్తుంది, నాలా వాగులో కలుస్తుంది. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ నయీంనగర్ నాలా, బొందివాగు పొంగి కాలనీలు మునిగినప్పుడు ఇళ్లలోకి వచ్చింది వాననీరొక్కటే కాదు. నగరంలో సగం పేగుల జాడ అందులో ఉంది.

వరద ఎప్పుడో వస్తుంది. రోజూ జరిగేది నల్లా దగ్గర. నల్లాకు, నాలాకు రాతలో తేడా ఒక ఒత్తూ ఒక దీర్ఘమూ. నేలలో కొన్నిచోట్ల జానెడు. నీళ్ల పైపు మోరీ పక్క నుంచో, మోరీలోంచో పోతుంది. నీళ్లు వదిలిన కాసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లులోంచి నీరు బయటికి కారుతుంది. నీళ్లు ఆగగానే పైపు ఖాళీ అవుతుంది, అదే చిల్లు బయటి మురుగును లోపలికి పీలుస్తుంది. ఒకింటాయన నల్లాకు మోటారు బిగించాడంటే ఆ గల్లీ మొత్తానికి పీల్చుడు ఇంకా పెరుగుతుంది. నీళ్లు రాగానే మొదటి బిందె పారబోసే అలవాటు చాలా వాడల్లో ఉంది. రంగు చూసి పారబోస్తారు. రెండో బిందె తేటగానే ఉంటుంది, కానీ ఈ కోలైకి రంగు లేదు. ఢిల్లీలో 2010లో తీసిన నమూనాల్లో మిగతావి పనిచేయనప్పుడు ఆస్పత్రుల్లో వాడే మెరోపెనెం జాతి మందులను కూడా తెంపే ఎన్‌డీఎం-1 జన్యువు గుంతల్లో, మోరీల్లో నిలిచిన 171 నీటి నమూనాలకు 51లో, నల్లా నీటి 50 నమూనాలకు 2లో దొరికింది. ఫలితం 2011లో వెలువడితే దేశం పేరు చెడగొట్టారని రచ్చ జరిగింది. జన్యువు పేరులో ‘ఎన్‌డీ’ అంటే న్యూఢిల్లీ; ఆ పేరు పెట్టడం మీద జరిగినంత చర్చ పైపుల మీద జరగలేదు.

ఒక ఊరట ఉంది. మందులకు లొంగని ఈ కోలై క్లోరిన్‌కు, మరిగే నీళ్లకు, సబ్బుకు మామూలు ఈ కోలై లాగే లొంగుతుంది. దానికి ఉన్న కత్తెర మందును మాత్రమే కత్తిరిస్తుంది. నల్లా చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నిబంధన ఇందుకే. ధర్మసాగర్ చెరువు నీటిని శుద్ధిచేసిన చోట క్లోరిన్ ఎంత ఉన్నా సరిపోదు, గల్లీ చివరి ఇంట్లో ఉండాలి.

మురుగు విషయంలో వరంగల్ అసలు ఏమీ చేయలేదనడం అన్యాయం. సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాల కోసం దేశంలో ముందుగా నిబంధనలు తెచ్చిన నగరాల్లో ఇదొకటి. 2016లో నిబంధనలు వచ్చాయి. ఆ వెంటనే అమ్మవారిపేటలో మొదట రోజుకు 15 వేల లీటర్ల సామర్థ్యంతో శుద్ధికేంద్రం వెలిసింది. ట్యాంకులు ఖాళీ చేసే బండి తెచ్చిన బురదను పొలంలోనో వాగులోనో పారబోయకుండా అక్కడికి చేర్చాలి. కానీ బండి ఒక ఇంటికి ఏళ్లకోసారి వస్తుంది. అదే ఇంటి ట్యాంకు గొట్టంలోంచి మోరీలోకి కారేది ప్రతిరోజూ. బురదకు దారి దొరికింది, నీటికి దొరకలేదు.

జనం ఒక్కచోట పోగయితే ఏమవుతుందో గంగ చెబుతోంది. యాత్రలు జోరుగా సాగే మే, జూన్ నెలల్లో రిషికేశ్, హరిద్వార్ దగ్గర గంగలో ఎన్‌డీఎం-1 జన్యువు ఫిబ్రవరి కంటే 20 రెట్లు పైగా ఉందని 2014లో తేలింది. రెండేళ్లకోసారి కోటి మందికి పైగా జంపన్నవాగులో మునిగే మేడారం జాతరకు మరుగుదొడ్ల లెక్క ఎందుకు ముఖ్యమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ దగ్గర ఇంకో దారి కనిపిస్తుంది. చెక్క మొద్దు, ఒక కత్తి, ఒక నీళ్ల తొట్టి. పేగులు తీసిన చేత్తోనే ముక్కలు కొడతారు, అదే తొట్టిలో పొద్దుటి నుంచి అన్ని కోళ్లూ మునిగి లేస్తాయి. ఒక కోడి పేగులో ఉన్నది మధ్యాహ్నానికి అన్ని సంచుల్లోకీ చేరుతుంది. ఫారాల్లో కోళ్లకు దాణాతో పాటు యాంటీబయాటిక్‌లు అందడం కొత్త సంగతి కాదు. మనుషులకు చివరి అస్త్రమైన కొలిస్టిన్ కూడా ఆ దాణాలో కలిసేది. దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద తిరుగుతోందని 2015 నవంబరులో చైనా నుంచి వార్త వచ్చాక, భారత్ 2019 జూలైలో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. కూర ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది, అందులో అనుమానం లేదు. పచ్చి చికెన్ కడిగిన గిన్నె, ఆ చేత్తో తిప్పిన నల్లా, అదే కత్తిపీట మీద తరిగి కూర దించాక పైన చల్లిన కొత్తిమీర మాత్రం ఉడకవు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు మోస్తే మోశాం, నష్టమేమిటి? మూత్రంలో మంటతో మొదలయ్యే నష్టం కాన్పుల వార్డులో, ఆపరేషన్ గదిలో, కీమోథెరపీ కుర్చీలో పెద్దదవుతుంది. తల్లి పేగులో ఉన్నది కాన్పు సమయంలో బిడ్డకు అంటుతుంది. నెలలు నిండని బిడ్డ రక్తంలోకి అది చేరితే మొదట వాడే మందులు పనిచేయవు, పనిచేసేది తెలిసేందుకు కల్చర్ రెండు మూడు రోజులు పడుతుంది, ఆ బిడ్డకు అంత గడువు ఉండదు. పెద్ద ఆస్పత్రుల నుంచి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సేకరించే లెక్కల్లో, మెరోపెనెం జాతికే చెందిన ఇమిపెనెం‌కు లొంగే ఈ కోలై 2017లో 81 శాతం, 2023 నాటికి 63 శాతం. ఇది ముదిరిన రోగుల లెక్క, ఊరి జనానికి నేరుగా అతికించకూడదు. దిశ మాత్రం కనిపిస్తూనే ఉంది. మందులకు లొంగని ఇన్ఫెక్షన్లే నేరుగా కారణమై 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

రిపోర్టులో ఈఎస్‌బీఎల్ చూడగానే గుండె జారాల్సిన పని కూడా లేదు. మూత్రకోశం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటి పాత మందులు ఇంకా చాలామందిలో పనిచేస్తున్నాయి, అవి నోటితో వేసుకునేవే. మంట, జ్వరం ఏమీ లేకుండా కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన, గర్భిణులను, మూత్రనాళ శస్త్రచికిత్సకు వెళ్లేవాళ్లను మినహాయిస్తే మందు అక్కర్లేదు. పేగులో ఉన్నదాన్ని కడిగేస్తామని యాంటీబయాటిక్ వేస్తే పైన చెప్పిన ‘ఊరంతా ఖాళీ’ పని మళ్లీ చేసినట్టే. పెరుగు తినడం మంచిదే, కానీ దాంతో ఇది పోతుందన్నది ఎవరూ నిరూపించలేదు.

ఊరి పేగుల్లో ఏముందో తెలుసుకోవడానికి ఇంటింటికీ తిరిగి మలం అడగక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక పద్ధతి విడుదల చేసింది. మనుషులు, కోళ్లు, మురుగునీరు, మూడింటిలోనూ ఈఎస్‌బీఎల్ ఈ కోలైని ఒకేలా లెక్కించడం దాని పని. యంత్రాలు పెద్దగా అక్కర్లేదు, వైద్య కళాశాల మైక్రోబయాలజీ విభాగంలో ఉండే సామాను చాలు. నాలా నీళ్లు ఒక సీసాలో పట్టి, పలుచన చేసి, బ్యాక్టీరియాను పెంచే రెండు పెట్రి పళ్లేల మీద పోస్తారు. ఒకటి మామూలుది, రెండో దానిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున, సెఫలోస్పోరిన్ జాతికే చెందిన సెఫొటాక్సిమ్ అనే మందు కలిపి ఉంటుంది. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున్నే తీస్తే ఈ కోలై నీలాకుపచ్చ చుక్కలుగా కనిపిస్తుంది. మొదటి పళ్లెంలో వంద చుక్కలుంటే, మందు కలిపిన రెండో పళ్లెంలో ఎన్ని ఉన్నాయో వేలుపెట్టి లెక్కపెట్టుకోవచ్చు. నయీంనగర్ వంతెన కింద ఒక సీసా, శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే గొట్టం దగ్గర ఒక సీసా, గల్లీ చివరి నల్లా దగ్గర ఒక సీసా. నెలకోసారి పడితే, ఆ ఆడమనిషి అడిగిన ప్రశ్నకు అంకెల్లో జవాబు ఏడాదిలో చేతికొస్తుంది.